లావాపియెస్‌లో కుదురుకోవడం ఎలా: మాడ్రిడ్‌కి చదువుకోవడానికి వస్తున్న మనవాళ్లకి

మాడ్రిడ్‌లో సీటు రాగానే మన పిల్లలు ముందు అడిగేది "అక్కా, ఏ ఏరియాలో ఉండమంటావు?" అని. నేనైతే లావాపియెస్ పేరే చెబుతాను. తిర్సో దె మోలీనా నుంచి, అంతోన్ మార్తీన్ నుంచి కిందికి వాలుగా దిగే ఇరుకు వీధుల పాత పేట ఇది. తరతరాలుగా ఇక్కడే ఉన్న మాడ్రిడ్ ముసలివాళ్లు, బంగ్లాదేశ్ కిరాణా వ్యాపారులు, సెనెగల్ కుర్రాళ్లు, మొరాకో కుటుంబాలు, చవక గదుల కోసం వచ్చిన స్టూడెంట్లు అందరూ ఒకే మెట్లు ఎక్కి దిగుతారు. నేను రాజమండ్రి అమ్మాయిని. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ చదివి, కొంప్లుతెన్సె యూనివర్సిటీలో మాస్టర్స్ కోసం ఇక్కడికి వచ్చి, చదువు అయ్యాక కూడా ఈ పేట వదల్లేదు.

వీసా ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దిగాక పేటలో మనిషిగా ఎలా కలిసిపోవాలో చెప్పేవాళ్లు తక్కువ. నా అనుభవంలో కుదురుకోవడమంటే ఇదీ: ఒక కూరగాయల కొట్టు, ఒక బార్, ఒక లైబ్రరీ, ఒక మందుల షాపు, మీ మెట్ల మీద ఎదురయ్యే మనుషులు. ఈ నాలుగైదు చోట్ల మీ ముఖం గుర్తుపట్టాలి. దానికి రోజూ అదే చోటికి, వీలైతే అదే టైముకి వెళ్లాలి, వచ్చినంత స్పానిష్‌లోనే మాట్లాడాలి.

గది చూసేటప్పుడు

ఇక్కడ స్టూడెంట్లు ఇల్లు కాదు, ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుంటారు. ఈదెయలిస్తా లాంటి సైట్లలో ప్రకటనలు ఉంటాయి. గది కళ్లతో చూడకుండా ఇండియా నుంచి డబ్బు పంపొద్దు, ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే. మొదటి రెండు మూడు వారాలకి హాస్టల్‌లోనో రెసిడెన్సియాలోనో దిగి, నడిచి తిరిగి చూసుకోండి.

ప్రకటనలో "ఎక్స్‌తెరియోర్" అని ఉంటే కిటికీ వీధి వైపు, "ఇంతెరియోర్" అని ఉంటే లోపలి పాతియో వైపు, అంటే భవనం మధ్యలో వదిలిన ఖాళీ వైపు. ఆర్గుమోసా వీధి వైపు గది అందంగా ఉంటుంది, చెట్లు కనిపిస్తాయి. కానీ వేసవిలో బార్ల బల్లల దగ్గర మాటలు రాత్రి చాలాసేపు వినిపిస్తాయి. పాతియో వైపు గది చీకటిగా ఉన్నా నిద్ర పడుతుంది. పరీక్షలు రాసేవాళ్లకి నేను లోపలి గదే చెబుతాను.

అంతస్తుల లెక్క కూడా అడిగి తెలుసుకోండి. పాత భవనాల్లో బాహో, ఎంత్రెసుయెలో, ప్రిన్సిపాల్ అనే కింది అంతస్తులన్నీ దాటాక గానీ "ప్రిమెరో", అంటే మొదటి అంతస్తు, మొదలవకపోవచ్చు. మూడో అంతస్తు అని రాసి ఉంటే మీరు ఎక్కేది అయిదంతస్తులు కావచ్చు. చాలా భవనాల్లో లిఫ్ట్ లేదు. ఇరవై మూడు కిలోల సూట్‌కేస్ రెండు మోసుకెళ్లేది మీరే.

గది నచ్చాక ఓనర్‌ని ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇక్కడ నన్ను ఎంపాద్రోనార్ చేసుకోనిస్తారా?" అంటే ఈ అడ్రసు మీద మునిసిపాలిటీలో పేరు రాయించుకోనిస్తారా అని. ఒప్పుకోకపోతే గది ఎంత బాగున్నా వదిలేయండి. కారణం కింద చెబుతాను. కరెంటు, నీళ్లు, నెట్ అద్దెలో కలిసే ఉన్నాయా, చలికాలం హీటింగ్ ఏ రకం, అడ్వాన్స్ తిరిగి ఎప్పుడిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. గదిలోకి దిగిన రోజే గోడలు, పరుపు, కిటికీ ఫోటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ గురించి వాదన రాదు.

బాల్కనీలకి కట్టిన బ్యానర్లు కూడా చదవండి. టూరిస్టు ఫ్లాట్లు పెరిగి, పెట్టుబడి సంస్థలు భవనాలకి భవనాలే కొనేస్తుంటే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయాల్సి వస్తోంది. త్రిబులేతె వీధిలో 7వ నంబరు ఇంటివాళ్ల పోరాటం అందరికీ తెలిసిందే. మీరు అద్దెకు తీసుకునే గది వెనక కూడా ఇలాంటి కథ ఉండొచ్చు. పక్కింటివాళ్లు మొదట ముభావంగా ఉంటే నొచ్చుకోకండి. మూడు రోజులకి వచ్చి పోయే టూరిస్టు కాదని తెలిశాక వాళ్లే పలకరిస్తారు.

కాగితాలు: ఏది ముందు

దిగగానే పాస్‌పోర్టు చూపించి ప్రీపెయిడ్ సిమ్ తీసుకోండి. ఆ తర్వాత వరస ఇది: ఎంపాద్రోనామియెంతో, తర్వాత తియె కార్డు.

ఎంపాద్రోనామియెంతో అంటే ఈ నగరంలో ఫలానా అడ్రసులో ఉంటున్నానని మునిసిపాలిటీలో పేరు రాయించుకోవడం. డబ్బు కట్టక్కర్లేదు. లీనియా మాడ్రిడ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. దాన్ని ఇక్కడ "సీతా ప్రేవియా" అంటారు. ఆన్‌లైన్‌లో దొరక్కపోతే 010 నంబరుకి ఫోన్ చేయొచ్చు. పాస్‌పోర్టు, నింపిన ఫారం, అద్దె ఒప్పందం పట్టుకెళ్లాలి. ఒప్పందం మీ పేరు మీద లేకపోతే, ఎవరి పేరు మీద ఉందో వాళ్లు సంతకం చేసిన అనుమతి కావాలి. ఓనర్‌ని ముందే అడగమన్నది ఇందుకే. చేతికిచ్చే ఆ కాగితం, వొలాంతె, చాలాచోట్ల అడుగుతారు.

తియె అంటే విదేశీయుల గుర్తింపు కార్డు. ఆరు నెలలకి మించి ఉండేవాళ్లు దేశంలో అడుగుపెట్టిన నెల లోపల దీనికి పెట్టుకోవాలి. ఎక్స్-17 ఫారం, 790 కోడ్ 012 ఫారంతో బ్యాంకులో ఫీజు కట్టిన రసీదు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో, పాస్‌పోర్టు, కాలేజీ కాగితం తీసుకుని పోలీసు ఆఫీసులో వేలిముద్రలు వేయాలి. చాలామందికి అలూచేలోని ఆఫీసు పడుతుంది. లావాపియెస్ నుంచి ఎంబహదోరెస్ దాకా నడిచి, అకాసియాస్ వైపు మారి లైన్ 5 ఎక్కితే నేరుగా వెళ్లిపోవచ్చు. అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. తెల్లవారుజామునా, మధ్యాహ్నమూ సైట్ తెరిచి చూస్తూ ఉండండి. డబ్బు తీసుకుని స్లాట్లు అమ్మేవాళ్లు తగులుతారు, వాళ్ల జోలికి వెళ్లొద్దు. కార్డు చేతికొచ్చేలోగా వీసా గడువు దాటి, సంక్రాంతికి ఇంటికి వెళ్లాలంటే "ఆవుతోరిసాసియోన్ దె రెగ్రెసో" అనే తిరిగొచ్చే అనుమతి ముందే తీసుకోవాలి. అది లేకుండా విమానం ఎక్కొద్దు.

ఇప్పుడు మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు ఒకటి. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. ప్రతి ఫారంలోనూ "ప్రిమెర్ అపెయీదో", "సెగుందో అపెయీదో", "నోంబ్రె" అని మూడు గళ్లు ఉంటాయి. మొదటి గడిలో పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండో గడి ఖాళీగా వదిలేయండి. అమ్మ ఇంటిపేరో, పేరులో రెండో మాటో తెచ్చి అక్కడ పెట్టకండి. బ్యాంకులో ఒక రకంగా, యూనివర్సిటీలో ఒక రకంగా, తియె మీద ఇంకో రకంగా పడితే, మూడు చోట్లా మనిషి ఒకరేనని నిరూపించుకోవడానికి సెమిస్టర్ గడిచిపోతుంది. మనవాళ్లలో కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి అసలు ఖాళీగానే ఉంటుంది. అలాంటివాళ్లు వీసాకి పెట్టకముందే ఇండియాలోనే సరిచేయించుకోండి. ఎక్స్-17 ఫారంలో అమ్మ పేరు, నాన్న పేరు కూడా అడుగుతారు. అవీ మీ మిగతా కాగితాల్లో ఉన్నట్టే ఉండాలి.

డిగ్రీ సర్టిఫికెట్లకి అపోస్టీల్, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర, ఇండియాలోనే వేయించుకుని రండి. ఇక్కడి నుంచి అది చేయించడం ఇంట్లోవాళ్లకి నరకం.

బజారు, వంట

కూరగాయలకి ఎంబహదోరెస్ వీధిలోని సాన్ ఫెర్నాందో మార్కెట్‌కి వెళ్లండి. 1940ల నాటి కట్టడం. కూరగాయలు, చేపలు, మాంసం కొట్లతో పాటు పుస్తకాలు తూకం వేసి అమ్మే కొట్టు కూడా ఉంది. స్పానిష్ నవలలు చదవడం మొదలుపెట్టాలంటే అంత చవకగా ఇంకెక్కడా దొరకవు. పైకి ఎక్కగలిగితే సాంతా ఇసబేల్ వీధిలో అంతోన్ మార్తీన్ మార్కెట్ ఉంది.

కొట్టు ముందు క్యూ కనిపించదు. నలుగురు అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంటారు. అయినా వరస ఉంటుంది, అందరి మనసులోనూ ఉంటుంది. మీరు వెళ్లగానే "కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?" అని గట్టిగా అడగండి, చివరి మనిషి ఎవరని. ఒకరు చెయ్యి ఎత్తుతారు. వాళ్ల తర్వాత మీరు. ఇంకొకరు వచ్చి అడిగితే మీరు చెయ్యి ఎత్తాలి. ఈ ఒక్క వాక్యం రాకపోతే ఎంతసేపు నిలబడ్డా వంతు రాదు. వస్తే మాత్రం ముసలమ్మలు మిమ్మల్ని పేట పిల్లగా చూడటం మొదలుపెడతారు. పళ్లూ కూరలూ మన రైతుబజార్లోలా చేత్తో ఏరుకోవద్దు. కొట్టతనే తీసి ఇస్తాడు. "ఈరోజు సాయంత్రం వండుతాను" అంటే పండిన టమాటాలు ఇస్తాడు, "నాలుగు రోజులకి" అంటే గట్టివి ఇస్తాడు. ఆ మాట అనడం నేర్చుకోండి.

చికెన్ ఇక్కడ తోలుతో పెద్ద పెద్ద ముక్కలుగా ఇస్తారు. మన కూరకి పనికిరాదు. తొడ భాగం చూపించి "సిన్ పియెల్, ఎన్ త్రోసోస్ పెకేన్యోస్" అనండి, తోలు లేకుండా చిన్న ముక్కలని. హలాల్ మాంసం కొట్లలో అయితే చెప్పకముందే అర్థం చేసుకుంటారు.

మిగతా సరుకులకి బంగ్లాదేశీ కొట్లు ఉన్నాయి. కందిపప్పు, పెసరపప్పు, ఆవాలు, చింతపండు, పచ్చిమిర్చి, కొత్తిమీర ఇక్కడే కొనాలి. ఫ్రీజర్లో ఇలిష్ చేప కూడా చూడండి. అది మన పులస జాతే. గోదావరి ఎదురీదిన రుచి రాకపోయినా ఇంటి మీద బెంగ పెట్టుకున్న రోజు ఆ పులుసు చాలా పని చేస్తుంది. సూపర్ మార్కెట్లో బియ్యం కొంటే "రెదోందో" అని ఉన్నది వద్దు. అది పాయెయా అనే ఇక్కడి అన్నం వంటకం కోసం, మన అన్నం ముద్దైపోతుంది. "లార్గో" అని ఉన్నది తీసుకోండి. పొట్టు తీసిన ఎర్రపప్పు, "లెంతెహా రోహా", ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. పది నిమిషాల్లో ఉడికిపోతుంది.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. ఆ బంగ్లాదేశీ అన్నలు హిందీ మాట్లాడేస్తారు. మొదటి నెల అది పెద్ద ఊరట. కానీ పొద్దున్న నుంచి రాత్రి దాకా హిందీ, తెలుగు, ఇంగ్లీషులతో గడిచిపోయే ప్రమాదం ఈ పేటలో నిజంగా ఉంది. రెండేళ్లు ఉండి కూడా ఫార్మసీలో జ్వరం అని చెప్పలేని వాళ్లని చూశాను, చాలా బాధనిపించింది. నేను కొన్నాళ్లకే ఆ కొట్లలో కూడా స్పానిష్‌లోనే అడగడం మొదలుపెట్టాను. వాళ్లూ నవ్వి స్పానిష్‌లోనే జవాబిచ్చారు. వాళ్లూ మనలాగే నేర్చుకున్నవాళ్లు, తప్పుల్ని ఓపికగా దిద్దుతారు. అంతకంటే మంచి టీచర్లు నాకు దొరకలేదు.

పొయ్యి గురించి. ఇక్కడ చాలా ఇళ్లలో గాజు పలకలాంటి వీత్రోసెరామికా ఉంటుంది. గుండ్రటి అడుగు మూకుడు దాని మీద పని చేయదు. అది ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ కూడా పని చేయదు. చదును అడుగున్న స్టీలు కుక్కర్ తెచ్చుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్ పట్టదు, రెండు గుండ్రటి పిన్నుల అడాప్టర్లు ఇండియా నుంచే తెచ్చుకోండి. కొన్ని పాత ఇళ్లలో ఇంకా నారింజ రంగు బుతానో సిలిండరే ఉంటుంది. అక్కడ మూకుడు హాయిగా వాడుకోవచ్చు.

వంటింటి కిటికీ పాతియోలోకి తెరుచుకుంటే, అదే పాతియోలో పక్కవాళ్ల బట్టలు ఆరుతుంటాయి. మా రెండో అంతస్తు పెద్దావిడ శనివారం పొద్దున్న దుప్పట్లు ఆరేస్తుంది. ఆ టైములో నేను ఎండుమిర్చి పోపు పెట్టను. ఇది ఎవరూ చెప్పరు, మనమే గమనించాలి. ఆవిడ అప్పుడప్పుడూ కిటికీలోంచి "ఈరోజేం వండావు?" అని అడుగుతుంది. ఒక గిన్నె పప్పు పంపాను, ఆ గిన్నె క్రొకేతాలతో తిరిగొచ్చింది.

బయట తినే శాకాహారులు మాత్రం జాగ్రత్త. "కార్నె" (మాంసం) లేకుండా అంటే సరిపోదు. చాలామందికి హామోన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం), ట్యూనా చేప కార్నె లెక్కలోకి రావు. ఎన్సలాదా మిక్స్‌తా అనే సలాడ్‌లో ట్యూనా ఉంటుంది, పప్పు వంటకం లెంతెహాస్‌లో చోరీసో అనే పంది మాంసం సాసేజ్ ఉంటుంది, కూరగాయల సూపు చికెన్ ఉడికించిన నీళ్లతో చేయొచ్చు. "సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ పెస్కాదో, సిన్ ఆతూన్" అని పేరు పేరునా చెప్పండి. గుడ్డు తింటే తోర్తియా దె పతాతాస్, అంటే బంగాళదుంప ఆమ్లెట్, మీకు కొండంత అండ. తినకపోతే టమాటా రాసిన తోస్తాదా (కాల్చిన రొట్టె), పదునైన సాస్‌తో పతాతాస్ బ్రావాస్ (వేయించిన బంగాళదుంపలు), వేయించిన పాద్రోన్ మిరపకాయలు అడగండి. పిస్తో అనే కూరగాయల వంటకం కూడా బాగుంటుంది, దాని మీద గుడ్డు వేయొద్దని ముందే చెప్పాలి.

పలకరింపు

కొట్టులోకి, లిఫ్టులోకి, డాక్టర్ దగ్గర వెయిటింగ్ గదిలోకి అడుగుపెడితే "బ్యుయెనాస్" అనాలి. వెళ్లేటప్పుడు, మళ్లీ ఎప్పుడూ కలవని మనిషికైనా, "అస్తా లుయెగో" అనాలి. మౌనంగా వచ్చి మౌనంగా వెళ్లిపోతే పొగరనుకుంటారు. మనకి ఆ మౌనం మర్యాదలాగే అనిపిస్తుంది కాబట్టి పనిగట్టుకుని అలవాటు చేసుకోవాలి. ప్రొఫెసర్లు పేరు పెట్టి "తూ" (నువ్వు) అని పిలవమంటారు. మనకి నోరు రాదు, కానీ వాళ్లు కోరితే అలాగే పిలవండి. మెట్ల మీద ఎదురయ్యే ముసలివాళ్లకి మాత్రం "ఉస్తెద్" (మీరు) వాడండి, చాలా సంతోషిస్తారు.

ఒక బార్ ఎంచుకోండి. బార్ అంటే మన బార్ కాదు. పొద్దున్న కాఫీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం కబుర్లు అన్నీ అక్కడే. కౌంటర్ దగ్గర నిలబడి ఒక కఫె కోన్ లెచె, అంటే పాల కాఫీ, తాగండి, రోజూ. కొన్నాళ్లకి మీరు అడక్కుండానే కప్పు ముందుకొస్తుంది. కొరియర్ వచ్చినప్పుడు మీరు లేకపోతే పార్సిల్ తీసుకునేది, తాళం చెవి దాచిపెట్టేది ఆ కౌంటరే. భోజనం రెండు తర్వాత, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. ఒంటిగంటకి ఆకలేస్తే చాలాచోట్ల వంటిల్లు ఇంకా తెరిచి ఉండదు.

క్లాసులో స్పానిష్ మెరుగుపరచుకోవడానికి దగ్గర్లోనే ఎంబహదోరెస్ ప్రభుత్వ భాషా పాఠశాల ఉంది. చేరే తేదీలు ముందే చూసుకోండి. ఫిలాలజీ ఫ్యాకల్టీ నోటీసు బోర్డులో ఇంతర్‌కాంబియో చీటీలు ఉంటాయి: మీరు ఇంగ్లీషు మాట్లాడించండి, వాళ్లు స్పానిష్ మాట్లాడిస్తారు.

చదువు, ప్రయాణం

కొంప్లుతెన్సెకి వెళ్లేవాళ్లు లావాపియెస్‌లో లైన్ 3 ఎక్కి మొంక్లోవాలో దిగి, లైన్ 6లో ఒక్క స్టేషన్ వెళ్తే సియుదాద్ ఉనివెర్సితారియా. మామూలు రోజుల్లో మెట్రో పొద్దున్న 6 నుంచి రాత్రి 1:30 వరకు. 26 ఏళ్లు నిండనివాళ్లకి అబోనో హోవెన్ అనే నెల పాసు ఉంది. అసలు ధర 20 యూరోలు, ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వ రాయితీతో ఇంకా తక్కువకే ఇస్తున్నారు. మెట్రో, బస్సు, లోకల్ రైలు అన్నీ, తోలేదో ఊరికి వెళ్లే బస్సు కూడా, అందులోనే.

గదిలో చదువు సాగకపోతే త్రిబులేతె వీధిలోని ఎస్కుయెలాస్ పియాస్ లైబ్రరీకి వెళ్లండి. 1936లో అంతర్యుద్ధం మొదట్లో తగలబడిన చర్చి శిథిలాల్లోనే దాన్ని కట్టారు. విరిగిన ఇటుక గోడల మధ్య, చెక్క కప్పు కింద కూర్చుని చదువుకోవచ్చు. నా థీసిస్ అంతా అక్కడే రాశాను. పరీక్షల రోజుల్లో సీట్లు నిండిపోతాయి, పెందలాడే వెళ్లండి. రేయినా సోఫియా మ్యూజియం నడిచి వెళ్లేంత దగ్గర. మంగళవారం సెలవు, సోమవారం, మళ్లీ బుధవారం నుంచి శనివారం వరకు సాయంత్రం 7 నుంచి 9 దాకా ఉచితం. పికాసో గెర్నీకా ఒక్కటే చూసి వచ్చేయండి, మళ్లీ వెళ్లొచ్చు.

ఒంటికి, జేబుకి

వేసవిలో 40 డిగ్రీలు తగలొచ్చు, మన కోస్తా ఉక్క లేకపోయినా ఎండ పొడిగా కాలుస్తుంది. కిటికీకి ఉన్న పెర్సియానా, అంటే కిందికి దించే షట్టర్, పగలు పూర్తిగా దించేయండి, రాత్రి ఎత్తి కిటికీ తెరవండి. గాలి కోసమని పగలు తెరిస్తే గది పొయ్యి అవుతుంది. వాషింగ్ మెషీన్ శనాదివారాల్లో వేసుకోండి. గంటల వారీ కరెంటు ధరలున్న ఇళ్లలో అప్పుడు రోజంతా చవక. మామూలు రోజుల్లో పొద్దున్న 10 నుంచి 2, సాయంత్రం 6 నుంచి 10 ఖరీదు. రాత్రి 11 తర్వాత మెషీనూ వద్దు, ఫోన్లో గట్టిగా మాట్లాడటమూ వద్దు. ఇండియా టైముకి అమ్మతో మాట్లాడే మనవాళ్ల గొంతు పాతియోలో నాలుగంతస్తులకీ వినబడుతుంది.

వీసా కోసం తీసుకున్న ప్రైవేటు ఇన్సూరెన్స్ నంబరు ఫోన్లో పెట్టుకోండి, అత్యవసరమైతే 112. ఆదివారాల్లో రాస్త్రో సంతలోనూ, మెట్రో తలుపుల దగ్గరా జేబుదొంగలుంటారు, ఫోన్ వెనక జేబులో పెట్టకండి. ఈ పేటలో పోలీసులు మనలాంటి రంగున్నవాళ్లని ఆపి కాగితాలు అడగడం జరుగుతుంది. అది న్యాయం కాదని నేను నమ్ముతాను, అయినా ఆ క్షణంలో ప్రశాంతంగా తియె చూపించండి. కార్డు వచ్చేదాకా పాస్‌పోర్టు కాపీ, అపాయింట్‌మెంట్ రసీదు జేబులో ఉండాలి.

చివరిగా ఆగస్టు. సగం కొట్లకి "సెర్రాదో పోర్ వకాసియోనెస్", అంటే సెలవులకి మూసేశామనే కాగితం అంటించి ఉంటుంది, ఆఫీసుల్లో పనులు నత్తనడక నడుస్తాయి. కాగితాల పని ఏదున్నా జులైలోపు ముగించుకోండి. అప్పుడు ఆగస్టు మొదటి పక్షంలో సాన్ కయెతానో, సాన్ లొరెన్సో, ఆ వెంటనే లా పాలోమా పండగలు మనసు పెట్టి చూడొచ్చు. వీధులకి రంగు కాగితాల తోరణాలు కడతారు, ముసలి జంటలు చోతీస్ నాట్యం ఆడతారు. మీ మెట్ల పెద్దావిడ అక్కడే ఉంటుంది, వెళ్లి పక్కన నిలబడండి.